రెండు గరిట దెబ్బలు

ఈ దేశంలో చూసి తీరాల్సిన చోట్లంటూ ఎన్ని ఉన్నాయో అన్నిటికీ నేను వెళ్ళాను. ఒక్కసారి కాదు, ఏడాదికి ఐదారుసార్ల చొప్పున ఇరవై ఏళ్ళు వెళ్ళాను. వాటిలో ఒక్కటీ చూడలేదు.

నవ్వకండి. నేను టూరు బస్సులో వంటమనిషిని. బస్సు ఆగగానే జనం దిగి చూడ్డానికి పోతారు, నేను దిగి పొయ్యి వెలిగిస్తాను. వాళ్ళు తిరిగి తిరిగి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి వంట సిద్ధంగా ఉండాలి. వాళ్ళు చూసే వేళే నేను వండే వేళ. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, ఆ అల్లుణ్ణి నేనే.

అలాగని నాకేమీ తెలియదనుకోకండి. కోట ఎంత ఎత్తుందో తెలియదు గానీ, దాని ముందు బస్సులాపే చోటు ఏటవాలుగా ఉంటుంది, గిన్నె కింద ఎడమవైపు రాయి పెట్టకపోతే కూర ఒక పక్కే ఉడుకుతుంది. గుహల దగ్గర గుక్కెడు నీళ్ళు దొరకవు, డ్రమ్ము ముందే నింపుకోవాలి. ఉప్పు సరస్సు దగ్గర పొయ్యికి మూడువైపులా అట్టలు కట్టినా గాలికి మంట ఆగదు. పెద్ద గుమ్మటం ఉన్న పాత భవనం దగ్గర పావురాల బెడద, మూత తీశామంటే రెక్కలూ ఈకలూ కూరలోనే. రాతి వంతెన దగ్గర ఉన్నదొక్కటే చెట్టు, దాని నీడ మధ్యాహ్నం దాటితే రోడ్డు మీదికి పోతుంది. ఇదీ నాకు తెలిసిన దేశం.

అన్నిట్లోకీ నాకిష్టమైనది జలపాతం. అంటే జలపాతం పక్కన బస్సులాపే చోటు. అక్కడ కొళాయి ఉంది, నీడ ఉంది, నేల చదునుగా ఉంటుంది. చెట్ల వెనక, ఎక్కడో కింద నుంచి ఒకటే హోరు వినిపిస్తుంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు గ్యాసు లీకవుతోందనుకుని సిలిండరు కట్టేసి, అందర్నీ దూరంగా పొమ్మని కేకలు పెట్టాను. మా డ్రైవరు ఆ సంగతి ఇప్పటికీ ప్రతి ట్రిప్పులోనూ జనానికి చెప్పి నవ్విస్తాడు.

వాణ్ణి నేను తమ్ముడూ అంటాను, వాడు నన్ను అక్కా అంటాడు. ఒక తల్లి బిడ్డలం కాదు. ఇరవై ఏళ్ళు ఒకే బస్సులో తిరిగినవాళ్ళకి వేరే చుట్టరికం అక్కర్లేదు.

మా బస్సు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. బస్సు వెనక భాగానికి రేకుతో అడ్డగోడ కట్టి వంటగది చేశారు. దానికి వెనకనుంచే తలుపు. అక్కణ్ణించి ప్రయాణికుల వైపు పోవడానికి దారి లేదు, కిటికీ లేదు, పిలిస్తే వినపడదు. అందుకని తమ్ముడూ నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. సామానంతా ఎక్కించుకుని, తలుపు వేసుకుని, అడ్డగోడ మీద గరిటతో రెండుసార్లు కొడతాను. టంగు, టంగు. నేనెక్కాను, పోనీ అని దానర్థం. ఆ చప్పుడు వినపడందే వాడు బండి కదపడు, వినపడ్డాక ఆగడు. ఇంకా ఎక్కువసార్లు మోగిందంటే నాకు కోపం వచ్చిందని అర్థం. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు నా కోపమంతా గిన్నెల మీదే. అలాంటప్పుడు వాడు అసలే ఆపడు. ఆపితే వెనక్కొచ్చి నా ఎదుట నిలబడాలి కదా!

తలలు లెక్కపెట్టడం మేనేజరు బాబు పని. పాతికేళ్ళ కుర్రవాడు, మాటకారి, జలపాతం పక్కన నిలబడి జలపాతం గురించి దానికంటే ఎక్కువ హోరెత్తించగలడు. ప్రతి చోటా జనం ఎక్కాక వేలుతో ఒక్కొక్క తలా చూపిస్తూ లెక్కపెడతాడు. ఆ లెక్కలో నేనుండను. ఎందుకుంటాను? వంటమనిషి ఎక్కడికి పోతుంది?

ఇది జరిగిన ట్రిప్పు బయల్దేరే ముందురోజు యజమాని నన్ను ఆఫీసుకి పిలిచి కుర్చీలో కూర్చోమన్నాడు. నాకప్పుడే అనుమానం వచ్చింది, ఆయన ఎప్పుడూ కూర్చోమనలేదు.

"ఏం చెయ్యమంటారమ్మా, జనం ఇప్పుడు హోటల్లోనే తింటామంటున్నారు. రేపటి ట్రిప్పు అవ్వగానే వెనక వంటగది తీసేసి సీట్లు వేయిస్తున్నాను. మీకేం భయం లేదు, ఆఫీసులో టీలు పెట్టండి. ఇదే జీతం" అన్నాడు.

మంచివాడే. రోడ్డున పడెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "సరేనండీ" అని లేచి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే తెలిసింది నాకు ఎక్కడ గుచ్చుకుందో. బాధ పని గురించి కాదు. ఇరవై ఏళ్ళుగా 'ఈసారి కాకపోతే వచ్చేసారి చూద్దాంలే' అనుకుంటూ వచ్చాను. ఇక వచ్చేసారి లేదు. ఈ ఒక్క ట్రిప్పులో ఏదో ఒకటి చూడకపోతే, గుమ్మం దాకా వెళ్ళి లోపలికి తొంగి చూడని మనిషిగానే నా జన్మ వెళ్ళిపోతుంది.

చూశానా మరి? కోట దగ్గర జనం త్వరగా వచ్చేశారు. గుహల దగ్గర నీళ్ళ డ్రమ్ము కారింది. వంతెన దగ్గర గ్యాసు అయిపోయింది. ఒక్కోటీ చెయ్యి జారిపోతున్నకొద్దీ నేను గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే మాత్రం "చూడ్డానికేముంది? రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చారు" అనేదాన్ని. నోరు అలాంటిది నాది, ఏం చెయ్యను.

ఆ ట్రిప్పులో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఒక్కడే వచ్చాడు. మొదటి పూటే పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, ఉప్పు చాల్లేదు" అన్నాడు.

"మీకు ఉప్పు తగ్గించాలని మీ అబ్బాయి బస్సెక్కిస్తూ చెప్పాడు బాబాయిగారూ. డాక్టరు చెప్పారట."

"డాక్టరు తింటాడా, నేను తింటానా?"

ఆ రోజు నుంచి పూటపూటా అదే గొడవ. నేనాయనకి ఉప్పు పెద్దాయన అని పేరు పెట్టాను. ఆయన మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు, దిగనివ్వవు. అందుకని ఎక్కడా చూడ్డానికి వెళ్ళడు. నా పొయ్యి పక్కనే మడతకుర్చీ వేసుకుని, నేను దుంపలు పెద్దగా తరిగానని, మంట ఎక్కువైందని, నీళ్ళు తక్కువయ్యాయని చెబుతూ కూర్చుంటాడు. మేనేజరు బాబు ఆయన వైపు చూడకుండానే 'ఒకటి' అని లెక్క మొదలుపెట్టేవాడు. ఎలాగూ ఇక్కడే ఉంటాడుగా అని.

"ఏమీ చూడనప్పుడు డబ్బు పోసి ఎందుకొచ్చినట్టు?" అని ఒకరోజు అడిగేశాను.

"ఇవన్నీ మా ఆవిడతో ఒకసారి చూసేశాను. ఇప్పుడు ఆవిడ లేదు. పక్కదాకా వచ్చి కూర్చుంటే చాలనిపించింది" అన్నాడు. ఆ పూట ఆయన కూరలో చిటికెడు ఉప్పు నేనే ఎక్కువ వేశాను. డాక్టరు నన్ను క్షమించుగాక.

ఆఖరిరోజు సాయంత్రానికి జలపాతం దగ్గరికి చేరాం. అక్కణ్ణించి అరగంట దూరంలో పొద్దు గుంకే కొండ ఉంది. మా కంపెనీ కరపత్రం అట్ట మీద ఉండే బొమ్మ అదే, సగం మంది దానికోసమే టిక్కెట్టు కొంటారు. కొండ మీద నీళ్ళుండవు, గాలికి పొయ్యి నిలవదు. అందుకని రాత్రి భోజనం జలపాతం దగ్గరే వండి పట్టుకుపోతాం. అక్కడ పొద్దు గుంకడం చూసి, తిని, ఇళ్ళకి బయల్దేరడం. అంటే ఇది నా చివరి వంట.

జనమంతా మెట్ల వైపు పోయారు. తమ్ముడు సీటు వెనక్కి వాల్చి ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. నేను దుంపల కూర పొయ్యి మీద పెట్టి గిన్నె మీద మూత పడేశాను.

"ఇది నీకు ఆఖరు ట్రిప్పట కదమ్మాయ్" అన్నాడు పెద్దాయన.

"ఎవరు చెప్పారు?"

"నీ గిన్నెలు చెప్పాయి. పొద్దుట్నించీ చప్పుడు ఆగలేదు. డ్రైవర్ని అడిగితే సంగతి చెప్పాడు. ఈ జలపాతం ఎప్పుడైనా చూశావా?"

"చూడ్డానికేముంది బాబాయిగారూ. నీళ్ళు పైనుంచి కిందకి పడతాయి. మా ఇంట్లో కొళాయి చేసేదీ అదే."

"చూశావా, లేదా?"

"లేదు" అన్నాను. కళ్ళు తుడుచుకున్నాను. సాకు చెప్పడానికి ఆ పూట ఉల్లిపాయలు కూడా తరగడం లేదు.

ఆయన కుర్చీలోంచి మెల్లగా లేచి చెయ్యి చాపాడు. "ఆ గరిట ఇటియ్యి."

"మీకా! మీరు ఉప్పు దిమ్మరిస్తారు."

"ఒట్టు, వెయ్యను. వెళ్ళు. అందరూ దిగే మెట్ల వైపు కాదు. కొళాయి వెనక కుడిపక్క పాత కాలిబాట ఉంటుంది. మేమొచ్చిన రోజుల్లో అదే దారి. దిగితే కుర్చీలాంటి బండ ఒకటి, సరిగ్గా జలపాతానికి ఎదురుగా ఉంటుంది. మా ఆవిడా నేనూ దాని మీదే కూర్చున్నాం. అదింకా ఉందో లేదో చూసి వచ్చి చెప్పు. నాకిది చేసిపెట్టు."

తెలివైన మనిషి. నాకు మేలు చేస్తానంటే నేను ఒప్పుకోనని కనిపెట్టి, తనకి చేసిపెట్టమన్నాడు.

"సన్నమంట మీదే ఉంచండి. అడుగంటనివ్వకండి. ఊరికే కెలక్కండి, దుంపలు చితికిపోతాయి. ఇప్పుడే వచ్చేస్తాను" అని పదిసార్లు చెప్పి వెళ్ళాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

కాలిబాట ఉంది. గడ్డి మూసేసింది గానీ ఉంది. తుప్పలు పట్టుకుని, జారుతూ, నన్ను నేనే తిట్టుకుంటూ దిగాను. బండ కూడా ఉంది. వీపు ఆనించుకోవడానికి ఎవరో చెక్కినట్టు వెనక చిన్న వాలు. ఎదురుగా జలపాతం. కూర్చుని చూశాను.

నిజం చెప్పమంటారా? ఏమీ అనిపించలేదు. కళ్ళు నీళ్ళ మీద, మనసు కూర మీద. ఈపాటికి అడుగంటి ఉంటుంది. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టానో ఆయన చూశాడా? జనం వచ్చేస్తే? తెల్లగా ఉంది, పెద్దగా ఉంది, సరే, చూశాం కదా అనుకుని లేచాను. ఇరవై ఏళ్ళ ఉబలాటం ఇంతలోనే తేలిపోయిందా అని నా మీద నాకే చిరాకు వేసింది. ఎక్కేటప్పుడు రెండుసార్లు కాలు జారి మోకాలు గీరుకుపోయింది.

పైకొచ్చి చూస్తే బస్సు లేదు.

బస్సు ఉండాల్సిన చోట కొంచెం నూనె మరక ఉంది, నేను పొయ్యి పెట్టిన చోట నేల వెచ్చగా ఉంది. పెద్దాయన లేడు, కుర్చీ లేదు, కూర లేదు. ఒక్క నిమిషం పాటు నేను వేరే చోటికి ఎక్కొచ్చానేమో అనుకున్నాను. తర్వాత ఒళ్ళు మండింది.

"ఒరే తమ్ముడూ! నీ టైరు పగిలిపోనూ!" అని గట్టిగా అరిచాను. వెంటనే నాలిక కరుచుకున్నాను. బస్సులో అంతమంది ఉన్నారు, పాపం, టైరు పగలొద్దు. ఇంజను ఆగిపోతే చాలు.

జలపాతానికి టిక్కెట్లమ్మే అతను గదిలోంచి తల బయటపెట్టాడు. "మీ బస్సు వెళ్ళిపోయిందండీ. తలలు లెక్కపెట్టుకునే వెళ్ళారే, నేను చూశాను."

"నా తల లెక్కలో ఉండదు బాబూ. నేను వంటమనిషిని."

"అయ్యో! ఫోను చేస్తారా? నాది తీసుకోండి."

ఫోను చేతిలోకి తీసుకున్నాను గానీ ఎవరి నంబరూ నోటికి రాదు. నంబర్లన్నీ నా ఫోన్లో ఉన్నాయి, నా ఫోను బస్సు వంటగదిలో మేకుకి వేలాడుతోంది. గరిట దెబ్బలు వినకుండా తమ్ముడు బండి కదపడే, ఎలా కదిలాడో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. కొండ దగ్గర తలుపు తీస్తే గానీ నేను లేనని వాళ్ళకి తెలియదు. తెలిశాక మాత్రం పొద్దు గుంకే వేళ, అంతమంది డబ్బు పోసి వచ్చింది వదులుకుని, వంటమనిషి కోసం బస్సు తిప్పుతారా? అంతా అయ్యాక వస్తారు. నా చివరి భోజనం నా చేత్తో వడ్డించే యోగం కూడా లేదన్న మాట. ఆ మాట అనుకునేసరికి అక్కడే కూలబడి ఏడ్చాను. సిగ్గెందుకు, బాగానే ఏడ్చాను.

ఏడుపయ్యాక అలవాటు కొద్దీ లేచి పొయ్యి వైపు చూశాను. పొయ్యి లేదు. చేతులు చూసుకున్నాను. ఖాళీగా ఉన్నాయి. పొయ్యి మీద ఏమీ లేదు, కలపాల్సింది లేదు, మాడిపోయేది లేదు. పెళ్ళయిన నాటి నుంచి నాకు అలాంటి సాయంత్రం ఒక్కటి గుర్తులేదు.

మళ్ళీ కాలిబాట వైపు నడిచాను.

ఈసారి నెమ్మదిగా దిగి బండ మీద కూర్చున్నాను, కాళ్ళు కూడా పైకి పెట్టుకుని. పొద్దు వాలుతోంది. ఎండ కొండ అంచు మీంచి పక్కగా వచ్చి నీళ్ళ మీద పడుతోంది. ఇందాక తెల్లగా కనపడినది అసలు తెలుపే కాదు. పైన పచ్చరంగు, మధ్యలో గాజు, కింద రాళ్ళ మీద విరిగినచోట పొగ. ఆ పొగలో ఇంద్రధనుస్సు ముక్క ఒకటి, నేను తల తిప్పితే పోతోంది, నిటారుగా కూర్చుంటే వస్తోంది. నీళ్ళ వెనక రాతి గోడలో చిన్న చిన్న పిట్టలు గూళ్ళు కట్టుకున్నాయి. అంత నీటిని చీల్చుకుని లోపలికి దూరిపోతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి. ఏమాత్రం భయం లేదు వాటికి. వంట చేసేవాళ్ళలాగే, వేడైనా నీరైనా అలవాటైపోయింది కాబోలు. తుంపర నా ముఖం మీద పడింది, జుట్టు తడిసింది, జాకెట్టు తడిసింది. తుడుచుకోలేదు.

"ఇన్నేళ్ళూ ఇక్కడే ఉన్నావా?" అన్నాను పైకే. "నేనూ ఇక్కడే ఉన్నానే తల్లీ. అదిగో, ఆ పైన. నీ చప్పుడు వింటూ కూరలు తరిగాను."

దానికి కోపం లేదు, నాకూ పోయింది. చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు ఎవరి మీదా కోపం లేదు. యజమాని మీద లేదు, నన్ను వదిలిపోయిన తమ్ముడి మీద లేదు. గరిట చేతిలోంచి లాక్కుని నన్నిక్కడికి తోసిన పెద్దాయన్ని తల్చుకుంటే చేతులు జోడించాలనిపించింది. ఎవరో ఒక పుణ్యాత్ముడు మొదట ఈ దారి కనిపెట్టి ఉంటాడు, అతనికీ జోడించాను. ఈ కళ్ళు ఇంకా బాగా కనపడుతున్నందుకు, ఈ మోకాళ్ళు దిగి ఎక్కగలిగినందుకు, ఇన్నేళ్ళ వంట నన్ను చివరికి ఇక్కడికే తెచ్చి కూర్చోబెట్టినందుకు, అన్నిటికీ కలిపి ఒక్కటే దండం పెట్టాను. ఎండ మెల్లగా నీళ్ళ మీంచి పైకి జరిగి, చివరికి కొండ అంచున ఒక్క ఎర్రటి గీతగా మిగిలి, ఆరిపోయింది. ఆరిపోయేదాకా చూశాను.

అప్పుడు వినపడింది హారను. మా బస్సు హారనే. దాని గొంతుకి జలుబు, వెయ్యి బస్సుల్లో ఉన్నా పోల్చుకుంటాను.

నమ్మలేదు నేను. ఇంత త్వరగా ఎలా? ఎగబాకి పైకొచ్చేసరికి జనమంతా బస్సు దిగి ఉన్నారు. అందరికంటే ముందు ఉప్పు పెద్దాయన, చొక్కా నిండా కూర మరకలు, చేతిలో నా గరిట. ఆయన సారీ అనలేదు, ఏం జరిగిందో చెప్పలేదు.

"బండ ఉందా?" అన్నాడు.

"ఉంది బాబాయిగారూ. మీరు చెప్పినట్టే ఉంది. వెనక వాలు కూడా ఉంది."

ఆయన తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు చాలాసేపు. గరిట నాకిచ్చేసి, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. అద్దాలకి ఇంకాస్త కూర అంటింది.

మిగతాది తమ్ముడూ మేనేజరు బాబూ కలిసి చెప్పారు. జనం పైకొస్తున్నారని చూసి, వంట కూడా అయిందని, పెద్దాయన నాకు శ్రమ తగ్గిద్దామనుకున్నాడు. సిలిండరూ పెద్ద సామానూ తమ్ముడెప్పుడూ ఎక్కించినట్టే ఎక్కించి, నేను కొళాయి దగ్గర ఉన్నాననుకుని ముందుకి వెళ్ళిపోయాడు. పెద్దాయన కుర్చీ, ఉప్పు డబ్బా, గరిట పట్టుకుని వెనక ఎక్కి, గిన్నె గాలికి చల్లారకుండా తలుపు లాగాడు. గరిటకి అంటిన కూర దులపాలిగా మరి? అడ్డగోడకేసి కొట్టాడు. టంగు, టంగు.

బస్సు కదిలింది.

"నేను కొట్టానమ్మాయ్! చేతులు పడిపోయేలా కొట్టాను, ఆపమని!" అన్నాడు పెద్దాయన.

"నువ్వే కొడుతున్నావనుకున్నానక్కా" అన్నాడు తమ్ముడు తల వంచుకుని. "ఆఖరి రోజు కదా. కోపం ఉండదా మరి, కొట్టుకోనీ, అది కూడా తీరిపోనీ అనుకున్నాను. అందుకే ఆపలేదు."

ఇంక వాణ్ణి ఏమని తిడతాను? తిట్టాను అనుకోండి, అలవాటు కొద్దీ. కానీ తిడుతూనే వాడి బుగ్గ పట్టుకున్నాను.

"మరి కొండో? పొద్దు గుంకడం చూశారా?" అన్నాను జనం వైపు తిరిగి.

ట్రిప్పు మొదట్నించీ ఆకుల్నీ రాళ్ళనీ కూడా ఫోటోలు తీస్తున్న అమ్మాయి ఒకతె ఉంది. ఆ పిల్ల ముందుకొచ్చింది. "కొండ దగ్గర ఆగగానే వెనక నుంచి తాతగారు గరిటతో దిగారు పిన్నీ. మీరు లేరు. పొద్దు ఇంకా కొంచెం పైనే ఉంది. మేనేజరుగారు 'చూసేసి వెళ్దామా' అని అడగబోయేసరికి అందరం మళ్ళీ ఎక్కేశాం" అంది.

"ఎవరు చెప్పారు ఎక్కమని?"

"ఎవరూ చెప్పలేదు."

నేనేం మనిషిని! అంతమంది డబ్బు పోసి, ఇంతదూరం వచ్చి, కరపత్రం మీది బొమ్మ వదులుకుని నాకోసం వెనక్కి తిరిగారు. "సరే, సరే, నిలబడ్డారేం? పళ్ళేలు తీసుకోండి, చల్లారిపోతుంది" అని కసిరాను. వాళ్ళకి నా సంగతి తెలుసు, నవ్వుతూ వరసలో నిలబడ్డారు.

నా చివరి భోజనం నా చేత్తోనే వడ్డించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న మేనేజరు బాబు కళ్ళు పెద్దవయ్యాయి. నేను రుచి చూశాను. అది కూర కాదు, ఉప్పు సరస్సు.

"బాబాయిగారూ! ఒట్టు పెట్టారు!"

"ఇప్పటికి సరిపోయింది" అన్నాడు పెద్దాయన తృప్తిగా నములుతూ. ఆయన పళ్ళెం లాక్కుని రొట్టె మాత్రం ఇచ్చాను. ఆకలి రుచి ఎరగదంటారు గానీ, ఆ పూట ఆకలి కూడా తడబడింది. అయినా ఎవరూ వదలలేదు, నీళ్ళు తాగుతూ తిన్నారు. కొళాయి దగ్గర వరస కట్టారు.

తింటూ తింటూ ఆ ఫోటోల పిల్ల అడిగింది. "ఎలా ఉంది పిన్నీ, జలపాతం? మేం మెట్ల వైపు వెళ్ళాం, జనం తలకాయలే కనిపించాయి."

ఇరవై ఏళ్ళుగా వాళ్ళు తింటూ చెప్పడం, నేను వడ్డిస్తూ వినడం. కోట ఇలా ఉంది, గుహ అలా ఉంది అని. అందరూ నావైపు చూస్తున్నారు. గరిట పక్కన పెట్టి కూర్చున్నాను. ఎండ పక్కగా ఎలా వచ్చిందో, ఇంద్రధనుస్సు ముక్క ఎలా వచ్చి పోయిందో, పిట్టలు నీళ్ళలోంచి ఎలా దూరాయో చెప్పాను. చివరి ఎర్ర గీత ఆరిపోవడం కూడా చెప్పాను. మేనేజరు బాబు నోరు తెరుచుకుని విన్నాడు, ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. బండ దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన నములుతున్నవాడల్లా ఆపేశాడు. ఆయన కోసం ఆ బండ గురించి రెండుసార్లు చెప్పాను.

"మీరందరూ పొద్దు గుంకడం వదులుకున్నందుకు నేను చూసింది మీకు పంచుతున్నాను. చాలకపోతే ఉప్పు కలుపుకోండి" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వాగాక, "మీ మేలు మర్చిపోను" అన్నాను. ఆ మాట నా నోట వచ్చిందంటే తమ్ముడు ఇప్పటికీ నమ్మడు.

సామాను సర్దడం నా ఒక్కదానికే వదల్లేదెవరూ. ఎక్కేవేళకి వెనక్కి వెళ్ళబోతే, ఫోటోల పిల్ల చెయ్యి పట్టుకుని ముందు తలుపులోంచి ఎక్కించింది. పెద్దాయన పక్క సీటు ఖాళీ చేశారు. ఇరవై ఏళ్ళలో ఆ సీట్లలో ఎప్పుడూ కూర్చోలేదు నేను. మెత్తగా ఉంటాయని అప్పుడే తెలిసింది. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

మేనేజరు బాబు లెక్కకి లేచాడు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, నా తల మీద వేలు ఆనించాడు.

"ఒకటి."

నాకు కళ్ళు నిండిపోయాయి. "వేలు సరిగ్గా పెట్టు బాబూ, కంట్లో గుచ్చేలా ఉన్నావు" అన్నాను.

వాడు నవ్వి, పక్కకి తిరిగి, ఈసారి చూసి, పెద్దాయన తల మీద వేలు పెట్టాడు. "రెండు."

తమ్ముడు ఇంజను వేసి, చక్రం మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి నావైపు చూశాడు. "అక్కా, గరిట?"

"ఉండరా తమ్ముడూ, తొందరేంటి? లెక్క పూర్తవనీ" అన్నాను.